రుద్దడం మానిన చేతులు

అంగట్లో బెండకాయలు ఏరుకుంటుంటే తెలిసింది, ఆమె పోయిందని. కూరగాయలమ్మే ఆమె తక్కెడ కింద పెట్టకుండానే చెప్పింది.

"మీ పాత వాడకట్టుల తానాలు బోసే అవ్వ లేదా సారు, పోయింది గదా."

"ఎప్పుడు?"

"దసర ముంగట. మీకెర్కలేదా? కొసలు ఇరువకుండ్రి సారు. ఇరిచినయి మీరే తీస్కోవాలె."

విరిచినవన్నీ నేనే తీసుకున్నాను, లేతవీ ముదురువీ. ఇంటికొచ్చాక మా ఆవిడ సంచి ఒంపి, "గివేం బెండకాయలు, చెరుకు గడలా?" అంది. అవ్వ పోయిందట అన్నాను.  ఆవిడ ఆ ముదురు కాయలనే ముందు పెట్టుకుని, తెగినవి తెగినట్టు, తెగనివి పక్కకు వేస్తూ చాలాసేపు కూర్చుంది.

అవ్వ పేరు నాకు తెలుసు, రాయను. రాస్తే ఆమె మనవరాలెవరో నలుగురికీ తెలిసిపోతుంది. ఊరు సుల్తానాబాద్ చుట్టుపక్కలది అంటాను, అంతవరకే. ఆ రోజుల్లో మా వాడకట్టులో పుట్టిన పిల్లలెవరూ ఆమె కాళ్ళ మీద పడుకోకుండా పెరగలేదు. మా పిల్లల ముక్కులు ఆమె తీర్చినవే. నా ముక్కు చూసి ఒకసారి, "నీకు తానం బోసినామె ఎవలు పంతులూ?" అని అడిగింది. మా మేనత్త అన్నాను. "పాపం, ఆమెకు కండ్లు సరిగ అగుపడకపోయేదా?" అంది, ఎంతో జాలిగా. మా మేనత్త మీద జాలో, నా మీద జాలో ఇప్పటికీ తేలలేదు.

ఆమెదీ నాదీ ఒకటే వృత్తి అని నేను అంటుండేవాణ్ణి. ఆమె పిల్లల వీపు మీద శనగపిండి రుద్దేది, నేను పిల్లల బుర్ర మీద పాఠాలు రుద్దేవాణ్ణి. ఆమె రుద్దితే ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవాళ్ళు. నేను రుద్దితే ఏడవకుండానే నిద్రపోయేవాళ్ళు. నేను ఉర్దూలో చదువుకున్నవాణ్ణి. రాజ్యం మారగానే తెలుగులో చెప్పమన్నారు. పిల్లలకంటే ఒక పాఠం ముందుండటానికి ప్రయత్నించేవాణ్ణి. అన్ని రోజులూ కుదిరేది కాదు.

మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక మట్టిగోడ. అందుకని పొద్దున్నే ఆమె ఏ పిల్లను పట్టుకుందో ఏడుపును బట్టి చెప్పగలిగేవాణ్ణి. బాలింతలు బిడ్డను ఆమె వాకిట్లోకే తెచ్చేవాళ్ళు. మూడు రాళ్ళ మీద కాగు, అందులో మసిలే నీళ్ళు. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైదాకా దోపుకుని, కాళ్ళు చాపి, బిడ్డను బోర్లా వేసుకునేది. ముందు మంచినూనె. తర్వాత పిండి. మెడ మడతల నుంచి మడమల దాకా చెయ్యి వెళ్ళని చోటు ఉండేది కాదు. చేతులూ కాళ్ళూ అటువి ఇటు, ఇటువి అటు మడిచి, చెవుల్లో ఊది, ముక్కు లాగి, తల గుండ్రంగా ఒత్తి, అప్పుడు నీళ్ళు. వేడి చూడటానికి తన మోచేతి దాకా ముంచేది. "నా చెయ్యి ఓర్సింది. వాడూ ఓర్సుకుంటడు" అనేది. ఆమె చేతులకు వేడి తెలిసే కాలం ఎప్పుడో దాటిపోయిందని ఆ పసివాళ్ళకు తప్ప ఎవరికీ తోచలేదు.

ఎవరైనా కొత్త తల్లి, "అవ్వా, జర మెల్లగ" అంటే ఆమె చెయ్యి ఆపకుండా చెప్పేది: "కడుపుల తొమ్మిది నెలలు మురికిల మునిగిండు. రెండు తానాలకే పోతదా? నువ్వు లోపటికి వోయి తిను పో."

కడుపులోని మురికి ఒంట్లోకి ఇంకి ఉంటుందని, రుద్దితే పైకి తేలి పోతుందని ఆమె గట్టి నమ్మకం. మా వైపు అందరి నమ్మకమూ అదే. నాదీ అదే. చదువుకున్నవాణ్ణి కాబట్టి ఆ నమ్మకాన్ని పైకి చెప్పేవాణ్ణి కాదు, అంతే తేడా.

ఆమెకు ఒక్కతే కూతురు. గోదావరి అవతల లక్సెట్టిపేటలో ఇచ్చారు, మగ్గం నేసే ఇంట్లో. తొలి కాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నది. ఊరందరి పిల్లలకూ పోసిన చేతులకు సొంత మనవరాలు దొరికింది. ఆ గోడ అవతలి సంబరం నేను రోజూ విన్నాను. మిగతా పిల్లలకు ఒక వంతు పిండి అయితే ఈ పిల్లకు రెండు వంతులు.

మూడో నెలలో పిల్ల వీపు మీద మచ్చలు కనిపించాయి. కందిగింజంతవి కొన్ని, పెసరగింజంతవి కొన్ని, లేత గోధుమ రంగు. తర్వాత పొట్ట మీద, తొడల మీద. ఆమె బెదరలేదు. రుద్దింది. రుద్దినచోటల్లా మచ్చ ఎర్రబడి, దోమ కుట్టినట్టు పైకి ఉబ్బింది. కాసేపటికి దిగింది. మర్నాడు రుద్దితే మళ్ళీ ఉబ్బింది. పక్కనే తెల్లగా ఉన్న చర్మం మీద ఎంత రుద్దినా ఏమీ కాలేదు. మచ్చ మీద వేలు పడితే చాలు, పొంగేది.

నన్ను గోడ మీదుగా పిలిచి మరీ చూపించింది. "చూసినవా పంతులూ, ఎట్ల పైకొస్తుందో. కడుపుల మురికి అంత మచ్చలల్లనే జమైంది. ఇంక నెల రోజులు రుద్దితె బంగారమైతది."

నేను కళ్ళజోడు సర్దుకుని, "అవును, పైకే వస్తుంది" అన్నాను. కళ్ళజోడు పెట్టుకున్న మనిషి అవునంటే దానికో బరువుంటుంది.

కూతురు మాత్రం, "అవ్వా, బిడ్డ బర్రున గీక్కుంటుంది. పండనిస్తలేదు. ఇడిచిపెట్టరాదే" అని బతిమాలేది. ఈమె వినేది కాదు. అయిదో నెలలో అత్తగారు వచ్చి తల్లినీ బిడ్డనూ తీసుకుపోవాలి. అప్పటికి ఒంటి మీద ఒక్క మచ్చ లేకుండా అప్పజెప్పాలన్నది ఆమె పంతం. ఊరందరి బిడ్డలను నిగనిగలాడించి, సొంత బిడ్డను మచ్చలతో పంపితే ఎట్లా?

ఒక పొద్దున గోడ అవతల ఏడుపు మధ్యలో ఆగిపోయింది. ఏడుపు దిగడం వేరు, ఆగడం వేరు. మా ఆవిడ చేతిలో చీపురుతోనే పరుగెత్తింది. వెనక నేను. పిల్ల తల నుంచి కాళ్ళ దాకా మిరపపండులా ఎర్రగా ఉంది. మచ్చలన్నీ ఉబ్బి ఒకదానికొకటి కలిసిపోయాయి. మెడ నిలవడం లేదు. అవ్వ కాళ్ళు చాపుకునే ఉంది, చేతుల నిండా పిండి. పిల్లను కూతురు లాక్కున్న సంగతి కూడా తెలియనట్టు ఖాళీ కాళ్ళ వైపు చూస్తూ ఉంది.

అవ్వా, కూతురూ పిల్లను తీసుకుని కరీంనగర్ బస్సెక్కారు. బడికి సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. నేను రాని రోజున పిల్లలు కాస్త ఎక్కువ నేర్చుకుంటారని మా హెడ్మాస్టరు అభిప్రాయం, అందుకని సెలవు తేలిగ్గానే దొరికింది. కిటికీ గాలికి దారిలో పిల్ల ఒంటి ఎరుపు దిగింది. కళ్ళు తెరిచి సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపుకు బస్సులో మేం ముగ్గురం పొందిన నెమ్మది ఇంతా అంతా కాదు. పక్కసీటాయన మాత్రం విసుక్కున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కోస్తా వైపు నుంచి వచ్చినావిడ. వరండా నిండా జనం. ఆవిడ ముఖంలో అప్పటికే సాయంత్రమైంది. పిల్లను బోర్లా వేయించి, పెన్సిలు మొద్దు కొసతో ఒక మచ్చ మీద నాలుగుసార్లు గీసింది. పక్కన మచ్చ లేని చోట కూడా గీసింది. ఇద్దరు ముగ్గురు రోగులతో మాట్లాడి, తిరిగొచ్చి చూసింది. మచ్చ ఉబ్బి చుట్టూ ఎర్రబడింది. పక్కన ఏమీ లేదు. ఆవిడ ముఖంలో అలసట కాస్త తొలగింది.

"పుస్తకంలో చదవడమేగానీ ఒంటి మీద చూడటం ఇదే మొదలు. చాలా అరుదు" అని, ఇంగ్లీషులో ఒక పొడుగాటి పేరు చెప్పింది. "ఇది మురికి కాదమ్మా. కుష్ఠు కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. దద్దుర్లు పుట్టించే కణాలు మచ్చలున్న చోట చర్మంలో ఎక్కువగా పోగుపడ్డాయి. రుద్దినా, వేడి తగిలినా అవి రెచ్చిపోతాయి. అన్నీ ఒకేసారి రెచ్చిపోతే ఇవాళ్టిలా పిల్ల తోటకూర కాడలా వాలిపోతుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చు. రుద్దకండి."

అవ్వ నా వైపు తిరిగింది. "ఏమంటుంది పంతులూ?"

తెలుగు నుంచి తెలుగులోకి అనువదించడం నా బతుకులో అదే మొదలు. "రుద్దొద్దు అంటుంది."

"మెల్లగ రుద్దాల్నా?"

"అసలే వద్దంట."

"ఎన్ని దినాలు?"

నేను అడిగాను. డాక్టరమ్మ, "ఏళ్ళు. పెద్దపిల్ల అయ్యేసరికి చాలామందికి వాటంతటవే పోతాయి. ఈ పిల్లకూ పోవచ్చు" అంది. గోరువెచ్చని నీళ్ళు మెల్లగా పోయాలి, మెత్తటి బట్ట అద్ది తీయాలి, ఎండలో తిప్పకూడదు, గరుకు గొంగడి కప్పకూడదు అని కూడా చెప్పింది. 

ఆ జబ్బు పేరు మరిచిపోకూడదని బస్సులో మననం చేస్తూ వచ్చాను. ఊళ్ళో దిగేసరికి సగం పేరు బస్సులోనే ఉండిపోయింది. దిగి నడుస్తుంటే అవ్వ ఆ రోజుకు ఒకే మాట అంది: "పైకొస్తుందనుకున్న పంతులూ."

ఆ మర్నాటి నుంచి గోడ అవతల చప్పుడు మారింది. కూతురు పిల్లను పట్టుకునేది. అవ్వ నిలబడి చెంబు వంచి సన్నగా నీళ్ళు పోసేది. ఎడమచేతిని మాత్రం కొంగులో చుట్టి నడుముకు ఆనించుకునేది. చేతికేమైందవ్వా అని అడిగాను.

"ఏం గాలే. ఇది ఊకోదు పంతులూ. బిడ్డ వీపు అగుపడంగనే పోతది."

అయిదో నెల వచ్చింది. లక్సెట్టిపేట నుంచి అల్లుడూ వియ్యపురాలూ గోదావరిని పడవ మీద దాటి, బండి కట్టించుకుని వచ్చారు. నన్ను కూడా కూర్చోమన్నారు. పంతులు ఉంటే మర్యాదగా ఉంటుందని మా వైపు ఒక భ్రమ. వియ్యపురాలు మనవరాలిని ఒళ్ళో వేసుకుని, తెచ్చిన కొత్త చొక్కా తొడుగుదామని పాతది విప్పింది. చొక్కా చేతిలోనే ఉండిపోయింది.

"గివేంది వదినె?"

 అల్లుడు గోడ వైపు చూస్తున్నాడు. ఆమె ఒక మచ్చను బొటనవేలితో రుద్ది చూసింది. అది ఉబ్బింది. పిల్లను ఒళ్ళోంచి చాప మీదికి దింపింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"మా తాన ఒకామెకు గిట్లనే మచ్చలు మొదలైనయి. పెద్దరోగం. ఊరవతల గుడిసెల పెట్టిండ్రు. మాది పదిమంది వచ్చిపోయే మగ్గం ఇల్లు వదినె. పెండ్లి గావాల్సిన ఆడివిల్ల ఉన్నది. నీ బిడ్డను తోల్కపోత, నాకు తోలుకపోవద్దని లేదు. గని పొల్లను ఈడనే ఉండనియ్యి."

కూతురు పిల్లను గుండెకు అదుముకుంది. అదిమితే మచ్చలు రేగుతాయని గుర్తొచ్చి వదులు చేసింది. అల్లుడు, "అమ్మా" అన్నాడు. తర్వాతి మాట అతనికి దొరకలేదు.

నాకు దొరికింది. గొంతు సవరించుకున్నాను. "అట్లాంటిదేం కాదమ్మా. డాక్టరమ్మ చూసింది. దీనికి ఇంగ్లీషులో..."

"దానికి పేరు గూడ ఉన్నదా?" అంది వియ్యపురాలు. ఆమె ముఖం ఇంకా తెల్లబోయింది.

అవ్వ నా వైపు చూడకుండానే అంది: "నువ్వు ఊకో పంతులూ. నీకేం దెల్సు. నేను కాల్చిన."

అందరం ఆమె వైపు తిరిగాం.

"కాగుల నీళ్ళు సూసుకోలే. మసిలే నీళ్ళు బోసిన. బోసి, మల్ల పిండి వెట్టి రుద్దిన. బొబ్బలు లేసి మచ్చలైనయి. రోగమెక్కడిది? గవి నా చేతుల మచ్చలు."

"ఊరందరికి బోసుకుంట, సొంత మనుమరాలిని కాల్చుకున్నవా వదినె?"

"కాల్చుకున్న."

"చేతుల కండ్లు వోయినయన్నట్టు."

"పోయినయి."

వియ్యపురాలు మళ్ళీ ఆ మచ్చ వైపు చూసింది. "మరి ముడితె ఉబ్బుతుందేంది?"

"కాలిన తోలు గదా. ఏండ్ల దాక గట్లనే ఉంటదట. అందుకే అసలే రుద్దద్దు. నలుగు వెట్టద్దు. ఉడుకు నీళ్ళు పోయద్దు. గోరెచ్చటియి పొయ్యుండ్రి. మెత్త బట్టతోని అద్దుండ్రి. గొంగడి కప్పద్దు, ఎండల తిప్పద్దు. పెద్దగైనంక పోతయంట."

డాక్టరమ్మ చెప్పినవన్నీ ఒక్కటి తప్పకుండా ఆ అబద్ధంలో మూటగట్టి ఇచ్చింది. నేను నోరు మూసుకున్నాను. పంతుళ్ళకు అది కష్టమైన పని.

వియ్యపురాలు అప్పుడు గొంతు పెంచింది. చాలాసేపు తిట్టింది. ఆ తిట్లు వింటూ కూతురు ఏదో చెప్పబోతే అవ్వ కళ్ళతోనే ఆపేసింది. తిట్టి తిట్టి అలిసిపోయాక వియ్యపురాలు కోడలి చేతుల్లోంచి పిల్లను తనే ఎత్తుకుని, "నా బంగారు తల్లిని ఏం జేసినవే" అంటూ, మచ్చలకు తగలకుండా చొక్కా తొడిగింది. సాయంత్రం బండి కదిలింది. బండిలో తల్లీ ఉంది, పిల్లా ఉంది.

వియ్యపురాలికి దాచుకునే అలవాటు లేదు. పడవలో చెప్పింది, అంగట్లో చెప్పింది, బంధువులకు చెప్పింది. ఒంటి మీది మచ్చకు పేరుంది, కనీసం సగం పేరు నాకు తెలుసు. చేతి మీద పడిన మచ్చకు ఏ డాక్టరమ్మ దగ్గరా మందు లేదు. మా వాడకట్టులోనే బాలింతలు వేరే ఆమెను వెతుక్కున్నారు. కాగు బోర్లించి గోడ పక్కన పెట్టింది అవ్వ. తునికాకు కట్టలు తెచ్చుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. పసిపిల్లలను బట్టల్లో చుట్టిన చేతులు కదా, బీడీలు కూడా చాలా జాగ్రత్తగా చుట్టేది. అంత గట్టిగా చుడితే పొగ రాదని కార్ఖానా వాళ్ళు సగం వెనక్కి ఇచ్చేవాళ్ళు.

నేనొకసారి ఉండబట్టలేక, "వాడకట్టుకైనా అసలు సంగతి చెప్తా" అన్నాను.

"ఎందుకు చెప్తవ్? రోగమంటె బిడ్డనంటరు. కాల్చిందంటె నన్నంటరు. నన్నంటె ఏం బోతది. నాకేమన్న లగ్గం జెయ్యాల్నా?"

మా నాలుగోవాడు పుట్టినప్పుడు మా ఆవిడ ఆమెనే పిలిచింది. "నన్ను పిలిస్తె నలుగురు నిన్నంటరే" అని ఆమె రానంది. "అననియ్యవ్వా. వీని బాపు ముక్కు చూసినవు గదా. నువ్వు రాకుంటె వీనికీ గదే ముక్కు మిగులుతది" అంది మా ఆవిడ. నా ముక్కు ఒకరికి పనికొచ్చిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

వచ్చింది. కాళ్ళు చాపి బిడ్డను బోర్లా వేసుకుంది. వెంటనే మొదలుపెట్టలేదు. గోటితో వీపు మీద ఒక గీత గీసి, చేతులు గాల్లోనే ఉంచి, వంగి చూస్తూ కూర్చుంది. ఏమీ ఉబ్బలేదు. అప్పుడు నూనె అంటింది. ప్రతి రోజూ ముందు ఆ గీత, ఆ ఎదురుచూపు. పిండి రుద్దేది గానీ, అరచెయ్యి వీపును తాకీ తాకనట్టు వెళ్ళేది. వాడి ఒంటి మీది నూగు చాలా నెలలు అట్లాగే ఉండిపోయింది. పరవాలేదు, మనిషి బాగానే ఉన్నాడు. ముక్కు కూడా తల్లి వైపుకే పోయింది.

పండుగలకూ ఎండాకాలం సెలవులకూ కూతురు పిల్లను తీసుకుని వచ్చేది. అవ్వ పిల్ల దగ్గరికి పోకుండా కూతురినే పక్కకు పిలిచి గుసగుసగా అడిగేది. వీపు మీద తగ్గినయా? తొడల మీద? వచ్చిన ప్రతిసారీ మచ్చలు ఇంకొంచెం పలచబడేవి. పిల్ల మాత్రం ఆమెకు దూరదూరంగా తిరిగేది. నాయనమ్మ ఇంట్లో పెరిగిన పిల్ల. తనను పసితనంలో ఎవరు కాల్చారో మాటలు వచ్చినప్పటి నుంచీ వింటూ పెరిగింది. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుంటే ఆ గదిలోకి వచ్చేది కాదు. అన్నం కూడా తల్లి వడ్డిస్తేనే తినేది. నేను ఎదురైతే నవ్వి, "సారు, మా అమ్మమ్మ నన్ను చిన్నప్పుడు కాల్చిందట ఎర్కేనా?" అని, జాతరలో తప్పిపోయి దొరికిన కథ చెప్పినంత ఉత్సాహంగా చెప్పేది. ఎరుకే బిడ్డా అనేవాణ్ణి.

నాకు బదిలీ అయ్యే ముందటి ఎండాకాలం అది. పిల్ల అప్పటికి లంగా ఓణీల ఈడుకు వస్తోంది. చేతుల మీద, మెడ మీద ఎక్కడా మచ్చ కనిపించలేదు. సాయంత్రం నేను ఆమె ఇంటి ముందరి గద్దె మీద కూర్చుని ఉన్నాను. లోపల తడకల గదిలో అవ్వ పిల్ల స్నానానికి గోరువెచ్చటి నీళ్ళు రెండు బకెట్లు పెట్టింది.

"నువ్వు పో అమ్మమ్మా. నేనే పోసుకుంట. నువ్వు దూరముండు" అంది పిల్ల. కోపంగా కాదు. వేడి గిన్నె పక్కనున్న పిల్లిని అదిలించినట్టు, మామూలుగా.

అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. "ఇప్పుడన్నా చెప్పరాదా? మచ్చలు పోయినయి గదా" అన్నాను.

"పోయినయి గదా. ఇగ చెప్పి ఏం జేస్తవ్ పంతులూ" అంది. అలసటగా అంది, కానీ బాధగా కాదు. ఆ రెండింటికీ తేడా ఉందని నాకు ఆమె దగ్గరే తెలిసింది.

లోపల చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. "వేడి సూసుకో బిడ్డా" అని అరిచింది.

"నాకెర్కనే. నువ్వు చెప్పకు."

"సూసినవా ఎట్లంటుందో" అని ఆమె నవ్వబోయి, ఆగింది. లోపల నీళ్ళ చప్పుడు నిలిచి, ఇంకో చప్పుడు మొదలైంది. గరగరమని, బీరపీచుతో ఒళ్ళు తోముకుంటున్న చప్పుడు. మెల్లగా కాదు. ఆ వయసు పిల్లలు దేన్నీ మెల్లగా చేయరు.

అవ్వ మెడ అటు తిప్పి వింటోంది. ఏడుపు వస్తుందేమోనని, ఏదైనా పిలుపు వస్తుందేమోనని నేనూ విన్నాను. ఏమీ రాలేదు. పిల్ల ఏదో బతుకమ్మ పాట మొదలుపెట్టింది, రాగం తప్పుతూ, తోముకుంటూనే.

"రుద్దుకుంటుంది పంతులూ" అంది అవ్వ, ఆ చప్పుడు నాకు వినపడదన్నట్టు.

"వింటున్నా అవ్వా."

"వీపు గూడ రుద్దుకుంటుంది. చెయ్యి అందుతలేనట్టుంది."

ఆ రెండు బకెట్లూ బావి నుంచి ఆమె తోడి తెచ్చినవే. ఎండాకాలం, అడుగున నీళ్ళు, తోడితే చేతులు పడిపోయేవి. లోపల చెంబు బకెట్టు అడుగుకు తగిలి ఖణేలుమంది. నీళ్ళు అయిపోవచ్చాయి, రుద్దడం మాత్రం ఇంకా అవలేదు. అవ్వ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. గోడకు వేలాడుతున్న చేంతాడు భుజాన వేసుకుని, ఇంకో బకెట్టు తేవడానికి బావి వైపు నడిచింది.